విముక్తి తరువాత వెట్టి: హైతీ విప్లవంలో సేద్యగాడి స్థానం

బానిసలే తిరగబడి, బానిసత్వాన్ని రద్దు చేసి, వలస ప్రభుత్వాన్ని తరిమివేసి, తమదైన స్వతంత్ర రాజ్యాన్ని నిలబెట్టుకున్న ఉదంతం ఆధునిక చరిత్రలో ఒక్క హైతీలోనే కనిపిస్తుంది. 1791 ఆగస్టులో చెరకు తోటల్లో మొదలైన ఆ తిరుగుబాటు పన్నెండేళ్ళకు పైగా సాగి, ఫ్రాన్స్, స్పెయిన్, బ్రిటన్ సైన్యాలను ఎదుర్కొని, 1804 జనవరి 1న స్వాతంత్ర్య ప్రకటనతో ముగిసింది. అయితే ఆ ప్రకటన వెలువడిన ఇరవై రెండేళ్ళకు, అంటే 1826లో, అదే స్వతంత్ర రాజ్యం చేసిన ఒక చట్టం, పొలంలో పనిచేసేవాడు అధికారి అనుమతి లేకుండా పల్లె విడిచి పట్నంలో కాపురం పెట్టరాదని, తన బిడ్డను పట్నంలో చదువుకో చేతిపనికో పంపాలన్నా ఆ అధికారి సమ్మతే కావాలని శాసించింది. ఆ చట్టాన్ని రాసినవారు ఫ్రెంచి దొరలు కారు. ఆ దొరలపై యుద్ధం చేసి గెలిచిన తరానికి చెందిన పాలకులే. విప్లవాలు తాము కూల్చిన అణచివేతను తామే తిరిగి ఎందుకు నిర్మిస్తాయన్న ప్రశ్నను పరిశీలించడానికి హైతీ చరిత్రకు మించిన ఆధారం అరుదు.

ఈ ప్రశ్నకు సాధారణంగా వినిపించే జవాబు నాయకుల స్వభావాన్ని పట్టుకుని నడుస్తుంది: అధికారం రుచి మరిగినవాడు ఆశయాన్ని మరిచాడని, ప్రజలకు ద్రోహం చేశాడని చెప్పి అది అక్కడితో ఆగిపోతుంది. ఫ్రెంచి చరిత్రకారుడు అలెక్సీ ద తోక్‌విల్ 1856లో ప్రచురించిన 'పాత వ్యవస్థ, విప్లవం' అనే గ్రంథంలో మరింత లోతైన వివరణ ఇచ్చాడు. రాజును తొలగించిన విప్లవం రాజు పెంచి పోషించిన కేంద్రీకృత పాలనా యంత్రాంగాన్ని మాత్రం తొలగించలేదని, పైగా దాన్ని మరింత బలపరిచిందని అతడు నిరూపించబూనాడు. హైతీలో అలా చెక్కుచెదరకుండా మిగిలిన యంత్రాంగం తోట. యజమాని పోయాడు, కొరడా చట్టం నుంచి తొలగింది, మనుషుల క్రయవిక్రయాలు ఆగాయి. కానీ ఎగుమతి పంట పండించే తోటే ఖజానాకు, సైన్యానికి ఏకైక ఆధారంగా నిలిచినంత కాలం, దానిలో పనిచేసే మనిషిని అక్కడే కట్టిపడేయాలన్న అవసరం కూడా పాలకుల వెంట నిలిచింది.

తోట: పొలం, కర్మాగారం, చెర

ఫ్రెంచి ఏలుబడిలో ఈ దేశాన్ని సాన్‌డొమాంగ్ అనేవారు. కరీబియన్ సముద్రంలోని హిస్పానియోలా దీవిలో పడమటి మూడోవంతు భాగంపై ఫ్రాన్స్ హక్కును 1697 నాటి రైస్విక్ సంధిలో స్పెయిన్ అంగీకరించింది. ఆ తరువాతి తొంభై ఏళ్ళలో అది ప్రపంచంలోకెల్లా సంపన్నమైన వలసగా ఎదిగింది. 1789 నాటికి అక్కడ సుమారు 5 లక్షల మంది బానిసలు, 30 వేల మంది తెల్లవారు, దాదాపు అంతే సంఖ్యలో స్వేచ్ఛ పొందిన నల్లవారు, మిశ్రజాతీయులు ఉండేవారు. ఐరోపా వాడే చక్కెరలో సుమారు 40 శాతం, కాఫీలో సగానికి పైగా ఈ చిన్న భూభాగమే పంపేది. ఆ ఒక్క ఏడాదే దాదాపు 14 కోట్ల పౌన్ల చక్కెర, 7 కోట్లకు పైగా పౌన్ల కాఫీ అక్కడి రేవుల నుంచి ఓడలకెక్కాయి.

చెరకు తోట పొలమూ, కర్మాగారమూ ఒక్కటిగా కలిసిన వ్యవస్థ. కోసిన చెరకును ఒకటి రెండు రోజుల్లో గానుగాడకపోతే రసం పులిసిపోతుంది కనుక, కోత మొదలైతే గానుగ దగ్గరా, రసం కాచే బట్టీ దగ్గరా రాత్రింబవళ్ళు పని నడిచేది. అందుకోసం బానిసలను ముఠాలుగా విభజించేవారు. ఆ ముఠాను ఫ్రెంచిలో అతెలియే అనేవారు. ముఠాను నడిపించే మేస్త్రీ కూడా బానిసే అయినా అతడి చేతిలో కొరడా ఉండేది. పని భారానికి, ఆకలికి, జ్వరాలకు మనుషులు ఎంత వేగంగా చనిపోయేవారంటే, 1789లో అక్కడున్న బానిసల్లో సగానికి పైగా ఆఫ్రికాలో పుట్టి, ఓడల్లో తరలివచ్చినవారే. 1685లో పద్నాలుగవ లూయీ జారీ చేసిన 'కోడ్ నువార్', అంటే నల్లవారికి సంబంధించిన స్మృతి, నెల రోజుల పాటు పారిపోయి దొరికినవాడి చెవులు కోసి భుజం మీద ముద్ర వేయాలని, రెండోసారి పారిపోతే మోకాలి వెనక నరం కోయాలని, మూడోసారి మరణశిక్ష విధించాలని చెప్పింది.

ఈ వ్యవస్థలో మూడు లక్షణాలను ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. పనిచేసేవాడి కాలం అతడిది కాదు. అనుమతి చీటీ లేకుండా తోట దాటే హక్కు అతడికి లేదు. అతడికి సొంత భూమి లేదు. అయితే యజమానులు తిండి ఖర్చు తగ్గించుకోవడానికి తోట అంచుల్లో చిన్న చిన్న మడులు ఇచ్చి, ఆదివారాల్లో అక్కడ కంద, అరటి, చిలగడదుంప వంటివి పండించుకోనిచ్చేవారు. మిగిలిన సరుకును బానిసలు సంతలో అమ్ముకునేవారు. స్వేచ్ఛ అంటే ఏమిటన్న ఊహ ఆ జనంలో చాలామందికి ఆ మడుల్లోనే ఏర్పడింది: తన నేల, తన పంట, తన పొద్దు.

విముక్తి పత్రంలోనే షరతులు

1791 ఆగస్టు 22 రాత్రి ఉత్తర మైదానంలో తిరుగుబాటు మొదలైంది. బూక్‌మన్ నాయకత్వంలో కదిలిన ముఠాలు కొద్ది వారాల్లో వందల తోటలను, గానుగలను, బట్టీలను తగలబెట్టాయి. బూక్‌మన్ ఆ నవంబరులోనే చనిపోయాడు. జాన్ ఫ్రాన్స్వా, బియాసూ అనే ఇద్దరు నాయకులుగా నిలిచారు. ఆ ఏడాది చివర వారు వలస సభతో సాగించిన సంప్రదింపులు చరిత్రకారుల దృష్టిని ప్రత్యేకంగా ఆకర్షిస్తాయి. ఎందుకంటే కొన్ని వందల మంది నాయకులకు స్వేచ్ఛ ఇస్తే మిగిలిన బానిసలను తిరిగి తోటల్లో పనికి పంపే బాధ్యత తాము తీసుకుంటామని వారు ప్రతిపాదించారు. తోటల యజమానుల అహంకారం వల్ల ఆ ఒప్పందం కుదరలేదు. మరుసటి ఏడాది దక్షిణాన ప్లాతోన్ కొండల్లో చేరిన తిరుగుబాటుదారులు వారానికి మూడు రోజులు తమకు వదలాలని కోరారు. నాయకుల కోరిక పదవి చుట్టూ, జనం కోరిక సొంత పొద్దు చుట్టూ తిరిగాయన్న సంగతి మొదటి ఏడాదిలోనే బయటపడింది.

ఫ్రెంచి విప్లవ ప్రభుత్వం పంపిన కమిషనర్ సోంతొనాక్స్ 1793 ఆగస్టు 29న ఉత్తర ప్రాంతంలో బానిసత్వాన్ని రద్దు చేశాడు. పడమటి, దక్షిణ ప్రాంతాల్లో అతడి సహచరుడు పొల్వెరెల్ అదే పని చేశాడు. 1794 ఫిబ్రవరి 4న పారిస్‌లోని జాతీయ కన్వెన్షన్ ఫ్రెంచి వలసలన్నింటికీ ఈ రద్దును వర్తింపజేసింది. అయితే సోంతొనాక్స్ ప్రకటన విముక్తినీ, షరతులనూ ఒకే పత్రంలో ఇచ్చింది. నిన్నటి బానిస నేడు 'సేద్యగాడు' అయ్యాడు. కొరడా దెబ్బను నిషేధించారు. ఆదాయంలో మూడోవంతు పనివారికి పంచాలన్నారు. కానీ సేద్యగాడు తన పాత తోటలోనే ఏడాదిపాటు ఉండాలి, ఏ పనీ లేకుండా తిరిగేవాడిని చెరలో పెట్టాలి, స్త్రీకి పురుషుడికంటే తక్కువ పాలు ఇవ్వాలి. సేద్యగాళ్ళు వారానికి ఆరు రోజులకు బదులు ఐదు రోజులే పనిచేస్తే వారి పాలు బాగా కోసివేసే నిబంధనను పొల్వెరెల్ తెచ్చాడు. ఆ కోతను భరించడానికైనా సిద్ధపడి అదనపు రోజును తమ మడుల కోసం ఉంచుకున్నవారు, పురుషులతో సమానమైన పాలు కావాలని ఎదురు తిరిగిన స్త్రీలు అనేక తోటల్లో ఉన్నారు.

ఈ నిబంధనలను బానిసత్వంతో సమానమనడం అన్యాయమవుతుంది. మనిషిని అమ్మే హక్కు, తల్లినుంచి బిడ్డను వేరుచేసే హక్కు, శరీరాన్ని ఛిద్రం చేసే హక్కు వాటితో అంతరించాయి. ఆ మార్పు విలువను అనుభవించినవారు దానికోసం ప్రాణాలివ్వడానికి వెనుకాడలేదు. అయినా స్వేచ్ఛ వచ్చిన రోజునే, ఆ స్వేచ్ఛకు తోట సరిహద్దు రాయిగా నిలబడింది.

తూసాన్ లువెర్చ్యూర్: సేనాని, తోటల సంరక్షకుడు

కాప్ నగరానికి దగ్గరలోని బ్రేడా తోటలో బానిసగా పుట్టి, తిరుగుబాటుకు ముందే స్వేచ్ఛ పొందిన తూసాన్ లువెర్చ్యూర్ 1794లో ఫ్రెంచి గణతంత్రం పక్షాన చేరి, 1797 నాటికి సర్వసేనాని అయ్యాడు. అతడి సైనిక ప్రతిభ, రాజనీతి, బానిసత్వంపై అతడికున్న ద్వేషం సందేహానికి తావులేనివి. అయితే అతడు పాలకుడయ్యేసరికి పదేళ్ళ యుద్ధంతో తోటలు పాడుబడ్డాయి, ఖజానా ఖాళీ అయింది, ఫ్రాన్స్‌లో నెపోలియన్ అధికారంలోకి వచ్చాడు. ఫ్రెంచి సైన్యం మళ్ళీ దిగితే ఎదుర్కోవడానికి తుపాకులు, మందుగుండు కావాలి. వాటిని అమెరికా వర్తకుల దగ్గర కొనాలంటే చక్కెర, కాఫీ కావాలి. అవి కావాలంటే తోటలు నడవాలి. స్వేచ్ఛను కాపాడడానికి స్వేచ్ఛ పొందినవారినే తోటకు కట్టివేయాలన్న విషమ తర్కం ఇక్కడ పుట్టింది.

1800 అక్టోబరు 12న తూసాన్ జారీ చేసిన ఆజ్ఞ సేద్యగాళ్ళను సైనిక క్రమశిక్షణ కిందికి తెచ్చింది. అనుమతి లేకుండా తోట విడిచినవాడు దళం విడిచి పారిపోయిన సైనికుడితో సమానమయ్యాడు. 1801 ఫిబ్రవరిలో 50 కారోలకంటే తక్కువ భూమి కొనుగోలును నిషేధించారు. కారో అన్నది సుమారు మూడు ఎకరాలకు సమానమైన కొలత. కనుక 150 ఎకరాలకు పైబడి కొనలేని పేదవాడు భూమికి యజమాని కాలేడని ఆ ఆజ్ఞకు అర్థం. నలుగురైదుగురు కలిసి చిన్న కమతం కొనుక్కుని విడిగా బతకడం అప్పటికే మొదలైంది కనుకే దాన్ని ఆపవలసి వచ్చింది. అదే ఏడాది జూలైలో వెలువడిన రాజ్యాంగం మూడవ అధికరణంలో బానిసత్వం శాశ్వతంగా రద్దయిందని ప్రకటిస్తూనే, వ్యవసాయానికి ఏ చిన్న అంతరాయమూ రాకూడదని, ప్రతి తోటా ఒక కుటుంబమని, యజమాని ఆ కుటుంబానికి తండ్రి వంటివాడని నిర్దేశించింది. పనివారి కొరత తీర్చడానికి బయటినుంచి సేద్యగాళ్ళను తెచ్చే వీలు కల్పించిన అధికరణం కూడా అందులో ఉంది. తూసాన్ జీవితాంతం గవర్నరుగా ఉంటాడని, వారసుణ్ణి ఎంచుకునే హక్కు అతడిదేనని మరి రెండు అధికరణాలు చెప్పాయి.

పారిపోయిన తెల్లవారి తోటలు ప్రభుత్వం చేతికి వచ్చి, అక్కడినుంచి సేనాధిపతులకు కౌలుకు వెళ్ళాయి. వ్యవసాయ పర్యవేక్షకుడిగా నియమితుడైన సేనాని దెసలీన్ తానే సుమారు 30 తోటలను చేతిలో పెట్టుకున్నాడు. కొరడాను నిషేధించిన చోట కర్ర దిగింది. దళపతే కౌలుదారు, కౌలుదారే న్యాయాధికారి అయినప్పుడు, సేద్యగాడు తన గోడు వినిపించుకునే చోటు లేకుండా పోయింది.

1801 అక్టోబరులో ఉత్తర మైదానంలోని సేద్యగాళ్ళు తిరగబడ్డారు. తూసాన్ తన పెంపుడు మేనల్లుడిగా చూసుకున్న సేనాని మొయీజ్ పేరు ఆ తిరుగుబాటుతో ముడిపడింది. తన జాతివారి చేత బలవంతపు చాకిరీ చేయించడానికి అతడు ఇష్టపడలేదని, చిన్న కమతాలుగా భూమి పంచాలని కోరాడని సమకాలికులు చెప్పుకున్నారు. తూసాన్ తిరుగుబాటును అణచి మొయీజ్‌ను కాల్పించాడు. ఆ తరువాత నవంబరులో వచ్చిన ఆజ్ఞ గుర్తింపు చీటీలను మరింత కఠినం చేసింది. 1938లో 'ది బ్లాక్ జాకొబిన్స్' అనే ప్రసిద్ధ గ్రంథంలో సి.ఎల్.ఆర్. జేమ్స్ ఈ ఘట్టాన్నే తూసాన్ పతనానికి ఆరంభంగా చూశాడు. మూడు నెలలు తిరగకుండానే లెక్లేర్ నాయకత్వంలో నెపోలియన్ సైన్యం తీరానికి చేరినప్పుడు, తూసాన్ పిలుపుకు మునుపటిలా కదలడానికి చాలామంది సేద్యగాళ్ళకు కారణం కనిపించలేదు.

స్వాతంత్ర్యం ఎవరిది?

1802 జూన్‌లో తూసాన్‌ను మోసంతో పట్టుకుని ఫ్రాన్స్‌కు తరలించారు. 1803 ఏప్రిల్ 7న జూ కోటలోని చలి గదిలో అతడు మరణించాడు. దెసలీన్, క్రిస్తోఫ్ వంటి సేనానులు అప్పటికే లెక్లేర్‌కు లొంగి అతడి కొలువులో చేరారు. ఆ నెలల్లో పోరాటాన్ని బతికించినవారు పేరులేని సేద్యగాళ్ళు, ఆఫ్రికాలో పుట్టిన చిన్న దళాల నాయకులు. గ్వాదలూప్ దీవిలో బానిసత్వాన్ని పునరుద్ధరించారన్న కబురు అందాక, 1802 అక్టోబరులో సేనానులు మళ్ళీ పక్షం మార్చి, ఆ దళాలను తమ ఆధిపత్యం కిందికి తెచ్చుకోవడానికి పూనుకున్నారు. లొంగనివారిని చంపించారు. ఆఫ్రికాలో పుట్టి, ఫ్రెంచివారికి తలవంచకుండా పోరాడిన కర్నల్ సాన్ సూసీని చర్చలకు పిలిచి క్రిస్తోఫ్ మనుషులు హతమార్చారు. తరువాత రాజైన క్రిస్తోఫ్ ఆ హత్య జరిగిన చోటికి దగ్గరలోనే కట్టించుకున్న భవనానికి అదే పేరు పెట్టాడని, ఆ సేనాని జ్ఞాపకం భవనం కీర్తి కింద అణగిపోయిందని హైతీ పండితుడు మిషెల్ రోల్ఫ్ త్రుయో 1995 నాటి తన గ్రంథంలో చూపాడు.

1803 నవంబరు 18న వెర్తియేర్ దగ్గర ఫ్రెంచి సైన్యం ఓడింది. స్వతంత్ర హైతీకి మొదటి పాలకుడైన దెసలీన్ తెల్లవారెవరూ యజమానిగా ఈ నేలపై అడుగుపెట్టకూడదని 1805 రాజ్యాంగంలో రాయించాడు. ఫ్రెంచివారి తోటలు ప్రభుత్వ ఆస్తి అయ్యాయి. వాటిలో పని మాత్రం తూసాన్ నాటి పద్ధతిలోనే సాగింది. పాత తోటలపై పత్రాలు పుట్టించి సొంతం చేసుకుంటున్న సంపన్నుల హక్కులను పరిశీలించడానికి దెసలీన్ పూనుకోవడంతో వారికి, అతడికి వైరం ముదిరింది. 1806 అక్టోబరు 17న అతడు హత్యకు గురయ్యాడు. దేశం రెండుగా చీలింది.

ఉత్తరాన క్రిస్తోఫ్ 1811లో హెన్రీ రాజుగా పట్టాభిషిక్తుడై, యువరాజులు, డ్యూకులు, కౌంట్లు, బారన్లతో ఒక ప్రభువర్గాన్ని సృష్టించి, తోటలను వారికి అప్పగించాడు. 1812లో వెలువడిన హెన్రీ స్మృతి పని వేళలను నిర్ణయించి, ఉత్పత్తిలో నాలుగోవంతు సేద్యగాళ్ళకు కేటాయించింది. రోగులకు వైద్యం చేయించే బాధ్యత యజమానిపై పెట్టింది. అదే సమయంలో సేద్యగాడిని తోటకు కట్టివేసింది. ఫ్రెంచి దాడికి భయపడి కొండ శిఖరంపై కట్టించిన లఫెరియేర్ దుర్గానికి రాళ్ళు, ఫిరంగులు మోసినవారు బలవంతపు చాకిరీలో నలిగారు. ఆ రాజ్యం ఖజానా నిండింది, బడులు వెలిశాయి. జనం మాత్రం దక్షిణానికి పారిపోసాగారు. సైన్యం తిరగబడడంతో 1820 అక్టోబరు 8న క్రిస్తోఫ్ ఆత్మహత్య చేసుకున్నాడు.

దక్షిణాన గణతంత్రానికి అధ్యక్షుడైన పేతియోన్ వేరే దారి పట్టాడు. 1809 నుంచి అతడు సైనికులకు, అధికారులకు భూమి పంచాడు. సాధారణ సైనికుడికి ఐదు కారోలు, అంటే సుమారు 15 ఎకరాలు దక్కాయి. పెద్ద తోటలు చీలిపోయి, చెరకు స్థానంలో కాఫీ, తిండిపంటలు వచ్చాయి. ఎగుమతులు పడిపోయాయి. అయినా పేతియోన్ మరణించినప్పుడు అతడి కోసం జనం కంటతడి పెట్టారు. విప్లవం చేసినవారు విప్లవం నుంచి ఏమి ఆశించారో ఈ రెండు రాజ్యాల పోలిక స్పష్టంగా చెబుతుంది.

పరిహారం, స్మృతి

పేతియోన్ వారసుడు బోయే 1820లో దేశాన్ని ఏకం చేశాడు. అప్పటికీ ఫ్రాన్స్ హైతీ స్వాతంత్ర్యాన్ని గుర్తించలేదు; తమ బానిసలు ఆ మాట వింటారన్న భయంతో అమెరికా కూడా గుర్తించలేదు. 1825 జూలైలో ఫ్రెంచి రాజు పదవ చార్లెస్ ఆజ్ఞాపత్రంతో 14 యుద్ధనౌకల బలగం హైతీ రేవుకు వచ్చింది. స్వాతంత్ర్యానికి గుర్తింపు కావాలంటే, పాత యజమానుల నష్టానికి పరిహారంగా 15 కోట్ల ఫ్రాంకులు ఐదు వాయిదాల్లో చెల్లించాలని, ఫ్రెంచి సరుకుపై సుంకం సగానికి తగ్గించాలని ఆ పత్రం కోరింది. ఫిరంగుల ఎదుట బోయే అంగీకరించాడు. మొదటి వాయిదా కోసమే పారిస్ బ్యాంకర్ల దగ్గర 3 కోట్ల ఫ్రాంకుల అప్పు రాసివ్వగా, చేతికి వచ్చినది 2 కోట్ల 40 లక్షలే. 1838లో మొత్తం పరిహారాన్ని 9 కోట్లకు తగ్గించినా, దానికోసం చేసిన అప్పుల తాలూకు చెల్లింపులు 1947 వరకు ఆ దేశాన్ని వెంటాడాయి. చెరలోనుంచి బయటపడినవారు తమను చెరపట్టినవారికే మూల్యం చెల్లించవలసి రావడం నాటి ప్రపంచ వ్యవస్థ చేసిన ఘోరమైన అన్యాయం. హైతీ పాలకుల తప్పులను లెక్కించేవారెవరూ దీన్ని లెక్కనుంచి తప్పించకూడదు.

ఆ అప్పు నీడలో 1826 మే నెలలో 'కోడ్ రూరల్', అంటే గ్రామీణ స్మృతి, అమల్లోకి వచ్చింది. ప్రభుత్వోద్యోగం, సైనిక కొలువు, లైసెన్సు పొందిన వృత్తి లేని ప్రతి పౌరుడూ నేలను సేద్యం చేయాలని అది విధించింది. సేద్యగాడు యజమానితో మూడు నుంచి తొమ్మిదేళ్ళ ఒప్పందానికి కట్టుబడాలి. పనిరోజుల్లో అనుమతి లేకుండా తోట విడవరాదు. యజమాని పట్ల వినయంతో మెలగాలి. రోడ్ల మరమ్మతుకు కూలి లేకుండా పనిచేయాలి. సేద్యగాళ్ళు సంఘంగా ఏర్పడి తోటను ఉమ్మడిగా కౌలుకు తీసుకుని తామే నడుపుకోవడాన్ని కూడా స్మృతి నిషేధించింది. బద్ధకస్తులను, తిరుగుబోతులను పట్టే పని గ్రామీణ పోలీసులకు అప్పగించింది. 1685 నాటి స్మృతి మనిషిని ఆస్తిగా చూసింది, 1826 నాటి స్మృతి పౌరుడిగా సంబోధించింది; కానీ కాలం, కదలిక, భూమి అనే మూడు విషయాల్లోనూ రెండో స్మృతి మొదటిదాని అడుగుజాడల్లోనే నడిచింది.

సేద్యగాళ్ళు ఇచ్చిన జవాబు

ఈ స్మృతి కాగితం మీద ఎంత కఠినమో, నేల మీద అంత బలహీనంగా మిగిలింది. దాన్ని అమలు చేయవలసిన సైనికులు సేద్యగాళ్ళ అన్నదమ్ములే. కొండల్లో ఖాళీ భూమికి కొదవలేదు. కర్రపట్టి పని చేయించడానికి చూసినవాడి తోట ఉదయానికల్లా ఖాళీ అయ్యేది. యజమానులు చివరికి సగపాలుకు భూమినివ్వడానికి ఒప్పుకున్నారు. 1820ల మధ్యనాటికి చక్కెర ఎగుమతి దాదాపు పూర్తిగా ఆగిపోయింది. బంధువుల ఇళ్ళు ఒక ఉమ్మడి వాకిలి చుట్టూ కట్టుకుని, పెద్దల సమాధులున్న నేలను కాపాడుకుంటూ, తిండిపంటలు, కాఫీ పండించుకునే 'లకూ' అనే కుటుంబ వ్యవస్థ పల్లెలంతటా పాతుకుంది. ఒకరి పొలంలో ఒకరు వంతులవారీగా పనిచేసే 'కోన్బిట్', తెలుగు రైతులు బదులు పని అని పిలిచే పద్ధతికి దగ్గరగా ఉంటుంది. హైతీ సామాజిక శాస్త్రవేత్త జాన్ కాసిమిర్ ఈ మొత్తం జీవన విధానాన్ని తోటకు ప్రతిగా నిర్మించిన వ్యవస్థగా వివరించాడు. సేనానులు ఆపివేసిన విప్లవాన్ని సేద్యగాళ్ళు నిశ్శబ్దంగా, తరతరాలుగా కొనసాగించారు.

ప్రభుత్వం కూడా తన పద్ధతి మార్చుకుంది. మనిషిని పట్టి పని చేయించలేనప్పుడు, అతడు పండించిన కాఫీపై రేవులో సుంకం వసూలు చేసింది. ఆ ధనం అప్పులకు, సైన్యానికి, పట్నంలోని ఉద్యోగులకు వెళ్ళింది. పల్లెకు బడి రాలేదు, దారి రాలేదు. చట్టం, కోర్టు, బడి అన్నీ ఫ్రెంచి భాషలో నడిచాయి. జనం మాట్లాడే క్రెయోల్‌కు అధికార భాష హోదా 1987 రాజ్యాంగంతో గాని దక్కలేదు. పల్లెవాసులను 'మూన్ అందెయో', అంటే బయటివారు అని పిలవడం అలవాటైంది. తాము రక్తమిచ్చి తెచ్చుకున్న రాజ్యంలోనే వారు బయటివారయ్యారు. 1843లో బోయే పదవి కోల్పోయాక, 1844లో దక్షిణాన అకావ్ నాయకత్వంలో బాధితుల సైన్యం పేరిట రైతులు బల్లేలు పట్టి భూమి, న్యాయం కోసం లేచారు. ఆ తిరుగుబాటు కూడా అణగారిపోయింది.

స్మృతి మాత్రం చావలేదు. 1864లో దాని స్థానంలో వచ్చిన కొత్త గ్రామీణ స్మృతి సైతం రోడ్ల కోసం కూలి లేని చాకిరీని కొనసాగించింది. ఫ్రెంచిలో 'కోర్వే' అనే ఆ చాకిరీని తెలుగు పాఠకులు వెట్టి అన్న మాటతో వెంటనే గుర్తుపడతారు. ఆ నిబంధన వాడుకలోనుంచి దాదాపు జారిపోయిన కాలంలో, 1915లో అమెరికా సైన్యం హైతీని ఆక్రమించింది. 1916లో ఆ సైనికాధికారులు దేశపు పాత చట్టాన్నే బయటికి తీసి, రైతులను తాళ్ళతో కట్టి తీసుకువెళ్ళి రోడ్లు వేయించారు. బానిసత్వం మళ్ళీ వచ్చిందన్న ఆగ్రహంతో షార్లెమాన్ పెరాల్ట్ నాయకత్వంలో వేలాది రైతులు తిరగబడ్డారు. 1919లో పెరాల్ట్‌ను కాల్చి చంపారు. విప్లవ రాజ్యం తన ప్రజలపై ప్రయోగించడానికి తయారుచేసిన ఆయుధం, తొంభై ఏళ్ళ తరువాత విదేశీ ఆక్రమణదారుడి చేతికి సిద్ధంగా దొరికింది.

తెలుగువారి చరిత్రలోనూ ఈ కథకు ఒక కొస ఉంది. ఒకప్పుడు ఫ్రెంచివారిదై, తరువాత బ్రిటిష్‌వారి చేతికి వచ్చిన మారిషస్ చక్కెర దీవిలో 1835లో బానిసత్వం రద్దయినప్పుడు, తోటల యజమానులు భారతదేశం నుంచి ఒప్పంద కూలీలను దింపుకున్నారు. గోదావరి ప్రాంతంలోని కోరంగి రేవు నుంచి ఓడలెక్కిన తెలుగువారు కనుక అక్కడ వారికి కోరంగీలన్న పేరు వచ్చింది. ఒప్పందం ముగిసిన కూలీ కూడా చీటీ చూపకపోతే తిరుగుబోతు కింద జైలు పాలు కావలసిందేనని 1867 నాటి చట్టం ఆ దీవిలో శాసించింది. సంస్కరణతో బానిసత్వం పోయిన మారిషస్‌లోనూ, విప్లవంతో పోయిన హైతీలోనూ తోట నిలిచిన ప్రతిచోటా చీటీ నిలిచింది.

హైతీ చరిత్ర నుంచి తేలే నిర్ణయం కఠినమైనదే గాని నిరాశాజనకమైనది కాదు. అక్కడ అణచివేత తిరిగి తలెత్తడానికి నాయకుల అత్యాశ ఒక కారణం. చుట్టూ ఉన్న బానిస సామ్రాజ్యాల పగ మరింత పెద్ద కారణం. ఈ రెండింటికీ పనిముట్టుగా ఉపయోగపడినది, విప్లవం తాకకుండా వదిలేసిన ఉత్పత్తి వ్యవస్థ. పాత ఆదాయ మార్గం మీదే ఆధారపడిన కొత్త ప్రభుత్వం పాత కట్టుబాట్లను ఏదో ఒక పేరుతో తిరిగి తెచ్చుకోక తప్పలేదు. ఆ వ్యవస్థ కింద పనిచేసేవారికి చట్టం చేసే చోట మాట లేకపోవడం వల్ల, ఆ కట్టుబాట్లను సకాలంలో అడ్డుకునే శక్తి ఎవరికీ లేకపోయింది. అయినా బానిసత్వం హైతీకి తిరిగి రాలేదు. రాకుండా చూసినవారు రాజ్యాంగాలు రాసినవారికంటే, తోటకు తిరిగి వెళ్ళడానికి నిరాకరించిన సేద్యగాళ్ళే. కనుక ఏ విప్లవాన్ని తూచాలన్నా దాని ప్రకటనలను, జెండాలను, విగ్రహాలను చూసి తృప్తిపడకూడదు. గెలిచిన పదేళ్ళకు, ఇరవై ఏళ్ళకు అది కూలివాడి కాలం గురించి, కదలిక గురించి, భూమి గురించి ఏ చట్టం చేసిందో వెతికి చదవాలి. విప్లవం ఎవరికోసం జరిగిందన్న సంగతి ఆ చట్టంలోనే తేలుతుంది.